పుస్తకం కట్టే విద్య - ఆరు ఆదివారాల పాఠం

ద్వితీయ బి.యస్సీ. విద్యార్థి

పుస్తకం చదవడం మనందరికీ వచ్చు. కాని ఆ పుస్తకం ఏ బలం మీద నిలబడి ఉంది, ఎందుకు ఊడిపోతుంది, ఊడితే మళ్ళీ ఎలా కట్టాలి అని అడిగితే మనలో చాలామందిమి నీళ్ళు నములుతాం. మా ఊళ్ళో నులకమంచం వదులైతే బిగించుకోవడం ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి తెలుసు. కొడవలి మొద్దుబారితే నూరుకోవడం తెలుసు. పనిముట్టు వాడేవాడికి దాన్ని బాగుచేసుకోవడం కొంతైనా రావాలన్నది రైతు ఇళ్ళల్లో ఎవరూ చెప్పక్కరలేని సంగతి. మరి విద్యార్థి పనిముట్టు పుస్తకమే గదా! పదిహేనేళ్ళుగా దాన్ని మోస్తున్న మనకు దాని మరమ్మతు ఎందుకు రాకూడదు?

గత రెండు వేసవి సెలవుల్లో మా ఊరి హైస్కూలు పిల్లలకు ఆదివారం ఆదివారం బైండింగు నేర్పాను. నాకు నేర్పినవారు పట్నంలో బస్టాండు వెనక చిన్న కొట్టు పెట్టుకున్న ఒక పెద్దాయన. పని ఆయన చేతుల్లో చూసి నేర్చుకున్నాను. ఆ పని అలాగే ఎందుకు చెయ్యాలన్నది మన కెమిస్ట్రీ, ఫిజిక్సు పాఠాల్లో వెతుక్కున్నాను. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఒక్కటే. బైండింగును వట్టి చేతిపనిగా నేర్పితే పిల్లవాడు చూపించిన నోటు పుస్తకం ఒక్కటే కుడతాడు. కారణంతో సహా నేర్పితే ఎదురుగా ఏ పుస్తకం పెట్టినా కడతాడు.

ఫారడే కూడా బైండరే

సైన్సు విద్యార్థికి ఈ గొడవ ఎందుకు అనేవారికి ముందుగా ఒక సమాధానం. విద్యుదయస్కాంత ప్రేరణను 1831లో కనిపెట్టిన మైకేల్ ఫారడే గురించి మనం ఇంటర్మీడియెట్‌లోనే చదువుకున్నాం. ఆయన తండ్రి కమ్మరి. ఇంట్లో చదువు చెప్పించే స్తోమతు లేదు. 1805లో, పద్నాలుగో ఏట, ఫారడే లండన్‌లో జార్జి రీబో అనే పుస్తకాల వర్తకుడి దగ్గర బైండింగు పని నేర్చుకోవడానికి చేరాడు. ఏడేళ్ళు అదే పని. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుడుతూ కుడుతూ చదివాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలోని విద్యుత్తు వ్యాసం, జేన్ మార్సెట్ రాసిన రసాయన శాస్త్ర సంభాషణలు ఆయనకు అలా దొరికినవే.

1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు ఒక ఖాతాదారు టిక్కెట్లు ఇస్తే వెళ్ళి విన్నాడు. నోట్సు రాసుకుని, శుభ్రంగా తిరగరాసి, బొమ్మలు వేసి, తన చేత్తో బైండు చేసి డేవీకి పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉద్యోగం దొరికింది. ఆ చేతి బైండింగు పుస్తకం ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉంది. బైండింగు నేర్చిన ప్రతివాడూ ఫారడే అవుతాడని నేననను. కాని ఏడేళ్ళపాటు కాగితాన్నీ దారాన్నీ సరిగ్గా నిలబెట్టిన చేతులే తర్వాత తీగచుట్టనూ అయస్కాంతాన్నీ అంత ఓపికగా పట్టాయని అనుకుంటే తప్పేమిటి?

తాటాకు నుంచి జిల్దు దాకా

మనకూ ఈ విద్య కొత్తది కాదు. తాళపత్ర గ్రంథం కూడా ఒక బైండింగే. కమ్మలను ఒకే కొలతకు కత్తిరించి, బెజ్జం పొడిచి, దారం దూర్చి, పైనా కిందా చెక్కపలకలు పెట్టి బిగించి కట్టేవారు. తాటాకు వెడల్పు తక్కువ, మడత పెడితే విరుగుతుంది. అందుకే ఆ పుస్తకానికి ఆ ఆకారం వచ్చింది. వస్తువు గుణాన్ని బట్టి కట్టుబడి అన్నమాట.

చైనాలో త్సాయ్ లున్ చెట్టు బెరడు, జనుము, పాత గుడ్డలు, చేపల వలలతో కాగితం చేసే పద్ధతిని క్రీ.శ. 105లో చక్రవర్తికి నివేదించాడని చరిత్ర చెబుతోంది. కాగితం మడత పడుతుంది. మడత పడే వస్తువు రాగానే మడతలో కుట్టు వేసే పుస్తకం సాధ్యమైంది. మన పెద్దవాళ్ళు బైండింగును ‘జిల్దు’ అనేవారు. అరబ్బీలో జిల్దు అంటే చర్మం. తోలు అట్టల నుంచి వచ్చిన మాట అది. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను పెట్టి తాళపత్రాలకు కాగితం ప్రతులు రాయించిన కథ తెలుగువాళ్ళకు తెలిసిందే. ఒక వస్తువు మీద నుంచి ఇంకో వస్తువు మీదకు ఎక్కించి, దాన్ని భద్రంగా కట్టి ఉంచడం వల్లనే కావ్యాలు మన దాకా వచ్చాయి.

ఇక పాఠాల్లోకి వద్దాం. తరగతికి పదిమందికి మించకూడదు. ఎక్కువైతే చేతులు కనిపించవు. కావలసిన సామాను ఇది: లావుపాటి సూదులు, ఒక దబ్బనం, నూలు దారం, కాస్త తేనెమైనం, ఇనుప స్కేలు, పదునైన కత్తి, వెదురు బద్ద ఒకటి, మైదా, స్ట్రా బోర్డు, కాలికో గుడ్డ, బరువుకు నాలుగు ఇటుకలు. ఇటుకలను పాత కాగితంలో చుట్టి ఉంచుకోవాలి, లేకపోతే ఎర్రదుమ్ము పుస్తకానికి అంటుతుంది.

మొదటి ఆదివారం: నారవాటం

మొదటి రోజు సూది ఇవ్వకూడదు. పిల్లలు గొణుగుతారు, ఫరవాలేదు. మొదటి రోజంతా కాగితాన్ని తెలుసుకోవడమే.

కాగితం అంటే నారల చాప. చెట్టు నార సెల్యులోజు. కర్రను ఉడికించి, నారలు విడదీసి, నీళ్ళలో కలిపి జల్లెడ మీద పరిస్తే నీరు దిగిపోతుంది. నారలు ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. ఆరేటప్పుడు వాటి మధ్య హైడ్రోజను బంధాలు ఏర్పడతాయి. కాగితాన్ని పట్టి ఉంచేది ముఖ్యంగా ఆ బంధాలే. అందుకే తడిస్తే కాగితం బలం పోతుంది.

మిల్లులో జల్లెడ ఒకే దిక్కుగా వేగంగా పరుగెడుతుంది. ప్రవాహంలో గడ్డిపోచలు వాలుకు తిరిగినట్టు నారల్లో ఎక్కువభాగం ఆ దిక్కుకే తిరుగుతాయి. దీన్నే బైండర్లు ‘గ్రెయిన్’ అంటారు. నేను పిల్లలకు ‘నారవాటం’ అని చెప్పాను. వెంటనే పట్టుకున్నారు. వెదురు నిలువునా చీలుతుంది గాని అడ్డంగా చీలదని తెలియని పల్లెటూరి పిల్లలుంటారా!

నారవాటం కనిపెట్టడానికి మూడు పరీక్షలు. ఒకటి, కాగితాన్ని మడత పడకుండా మెల్లగా వంచి చూడాలి. నిలువుగానూ అడ్డంగానూ వంచితే ఒక వైపు సులువుగా వంగుతుంది. ఆ వంపు గీత వెంబడే నారలున్నట్టు. రెండు, చింపి చూడాలి. నార వెంబడి చింపితే తిన్నగా పోతుంది, అడ్డంగా చింపితే వంకరలు తిరుగుతుంది. మూడు, చిన్న ముక్క ఒక పక్క తడపాలి. వెంటనే గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు నారల దిక్కు. ఎందుకంటే నీరు తాగిన నార పొడవులో పెరిగేదానికంటే వెడల్పులో ఎన్నో రెట్లు ఎక్కువ ఉబ్బుతుంది.

ఇప్పుడు అసలు సూత్రం. పుస్తకంలో కాగితం, అట్ట, పైన అతికించే కాగితం - అన్నిటి నారవాటం పుస్తకం వీపుకు సమాంతరంగా ఉండాలి. అలా ఉంటే పుట మెత్తగా తిరుగుతుంది. అడ్డంగా ఉంటే పుట బిర్రుగా లేస్తుంది, జిగురు తడి తగలగానే వీపు దగ్గర అలలు అలలుగా ముడతలు పడుతుంది. ఈ ఒక్క సూత్రం తెలియకపోతే మిగిలిన పనంతా ఎంత శ్రద్ధగా చేసినా పుస్తకం నిలవదు.

సాయంత్రం ఒక ఆట. పాత నోటుపుస్తకాల కాగితాలు రాత్రంతా నానబెట్టి, రోట్లో రుబ్బి, బక్కెట్లో కలిపి, చట్రానికి బిగించిన దోమల జాలీతో ఎత్తి, నీరు వార్చి, పాత పంచె మీద బోర్లించి ఆరవేస్తే చేతికాగితం వస్తుంది. చట్రాన్ని అటూ ఇటూ నాలుగు వైపులా ఊపుతాం గనుక అందులో నారవాటం దాదాపు ఉండదు. మిల్లు కాగితాన్నీ దీన్నీ పక్కపక్కన చింపి చూపిస్తే ఇంకేం చెప్పక్కరలేదు.

మాది మెట్ట ప్రాంతం. మా చేలో సుబాబుల్ వేశాం. కర్ర నరికి లారీకి ఎత్తి టన్నుల లెక్కన పంపుతాం. ఆ తర్వాత అది ఏమవుతుందో మాకు కనబడదు. మళ్ళీ జూన్ నెలలో నోటు పుస్తకంగా మా ఇంటికే వస్తుంది, డజను లెక్కన కొనుక్కుంటాం. తాను పండించినదే తన బిడ్డ చేతిలో పుస్తకమైందని రైతుకు చెప్పే పాఠం ఏ తరగతిలోనూ లేదు. మొదటి ఆదివారం నేను చెప్పిన పాఠం అదే.

రెండవ ఆదివారం: మడత

మడత లెక్కల పాఠం. ఎ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. ఒక మూల పట్టుకుని పొట్టి అంచును పొడుగు అంచు మీదకు మడిస్తే చతురస్రం కర్ణం వస్తుంది. ఆ కర్ణాన్ని పొడుగు అంచుతో పోల్చి చూడండి, రెండూ సమానం! పొడవును వెడల్పుతో భాగిస్తే రెండు వర్గమూలం వస్తుందన్నమాట. అందువల్లనే ఈ కాగితాన్ని సగానికి మడిచినా ఆకారం మారదు. వర్గమూలం అంటే భయపడే తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని వేళ్ళతో పట్టుకున్నారు.

ఇది మన దేశానికి కొత్త పద్ధతీ కాదు. 1893లో మద్రాసులో టి. సుందరరావు గారు కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే ఒక ఇంగ్లీషు పుస్తకం ప్రచురించారు. ఫెలిక్స్ క్లైన్ అంతటి జర్మను గణితవేత్త దాన్ని ప్రస్తావించాడు. తర్వాత అది అమెరికాలోనూ అచ్చయింది. కాగితపు పని చిన్నపిల్లల కాలక్షేపం అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అచ్చాఫీసులో ‘ఫారం’ అనే మాట వినే ఉంటారు. పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, 16 పుటలు. పిల్లల చేత మడిపించి, అంచులు చీల్చకుండానే పుటలకు 1 నుంచి 16 దాకా అంకెలు వేయించాలి. తర్వాత విప్పి చూడమనాలి. అంకెలు తలకిందులుగా, చెల్లాచెదురుగా ఉంటాయి. కాని వీపు మడతకు అటూ ఇటూ ఉన్న రెండు అంకెలను కూడితే ఎక్కడైనా 17 వస్తుంది! ఒకటి పక్కన పదహారు, ఎనిమిది పక్కన తొమ్మిది, నాలుగు పక్కన పదమూడు. ఎందుకని అడగండి. జవాబు మీరు చెప్పొద్దు, వాళ్ళనే వెతుక్కోనివ్వండి.

మడత మీద వెదురు బద్దతో ఒక్కసారే గట్టిగా దిద్దాలి. గోటితో నాలుగుసార్లు రుద్దితే కాగితం మెరుగు తేలుతుంది, నార నలుగుతుంది. ఆఖరి మడత, అంటే వీపు వైపు వచ్చే మడత, నారవాటం వెంబడే పడాలి. మొదటి ఆదివారం పాఠం ఇక్కడ పనికి వస్తుంది.

మూడవ ఆదివారం: కుట్టు

ముందు మూడు బెజ్జాల కుట్టు. నాలుగైదు కాగితాలు ఒకదానిలో ఒకటి మడిచి, మడత లోయలో మధ్య ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి దబ్బనంతో బెజ్జాలు పొడవాలి. మైనం రాసిన దారంతో లోపలినుంచి మధ్య బెజ్జం గుండా బయటికి రావాలి. పై బెజ్జం గుండా లోపలికి పోవాలి. మధ్య బెజ్జాన్ని దాటేసి కింది బెజ్జం గుండా బయటికి రావాలి. మళ్ళీ మధ్య బెజ్జం గుండా లోపలికి. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉన్నాయి. నిలువుగా పోయిన పొడుగు దారానికి చెరో పక్కన ఉండేలా కొసలు సర్ది, దాని మీదుగా ముడి వెయ్యాలి.

ముడి దగ్గర చాలామంది పడిపోతారు. కుడి కొస ఎడమ మీదుగా, తర్వాత ఎడమ కొస కుడి మీదుగా వేస్తే ముడి చదునుగా కూర్చుని బిగుస్తుంది. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే వంకరగా లేచి జారుతుంది. పలుపు ముడి చూసిన పిల్లలకు ఇది చెప్పనక్కరలేదు, పట్నం పిల్లలకు రెండుసార్లు చూపించాలి.

దారం లాగేటప్పుడు వీపుకు సమాంతరంగా లాగాలి. అడ్డంగా లాగితే దారం రంపంలా కాగితాన్ని కోస్తుంది. మైనం ఎందుకంటే దారం మెలికలు పడదు, పోగులు లేవవు, ముడి జారదు.

తర్వాత అనేక ఫారాల కుట్టు. ఒక ఫారం కుట్టి, దాని మీద రెండోది పెట్టి కుడుతూ, చివరి బెజ్జం దగ్గర కింది ఫారం కుట్టులోనుంచి సూది దూర్చి గొలుసులా కలుపుకుంటూ పోవాలి. ఉర్దూలో ‘జుజ్’ అంటే భాగం. ఫారం ఫారంగా కుట్టే ఈ పద్ధతికి జుజ్‌బందీ అనే పేరు అలా వచ్చింది. దీనికీ పక్క కుట్టుకూ తేడా పిల్లల ముందు పెట్టండి. పక్క కుట్టులో అన్ని కాగితాలూ దొంతి పెట్టి అంచున పొడుస్తారు. త్వరగా అవుతుంది, గట్టిగానూ ఉంటుంది, కాని పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. తెరుచుకోని పుస్తకాన్ని విద్యార్థి బలవంతంగా నొక్కుతాడు, వీపు విరుగుతుంది. తప్పు చదివేవాడిదా, కట్టినవాడిదా?

నాలుగవ ఆదివారం: లై

మైదా జిగురును మనవాళ్ళు లై అంటారు. గోడమీద సినిమా పోస్టర్లు నిలిచేది దీనితోనే. ఒక గ్లాసు మైదాకు సుమారు ఐదు గ్లాసుల నీళ్ళు. ముందు కొద్ది నీళ్ళతో ఉండ లేకుండా కలిపి, మిగిలిన నీరు పోసి, సన్నని సెగ మీద తిప్పుతూనే ఉండాలి. సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పిండిపదార్థపు రేణువులు నీరు తాగి ఉబ్బి చిక్కబడతాయి. తెల్లగా ఉన్నది కొంచెం గాజులా మారుతుంది. అప్పుడు ఇంకో రెండు నిమిషాలుంచి దించాలి. గంజి కాచే అమ్మలందరికీ ఈ రసాయనం తెలుసు, పేరు తెలియదంతే.

ఇక్కడ ఒక ప్రయోగం. మైదా ముద్దను నీళ్ళలో పిసికితే తెల్లని నీరు దిగి, చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. నీటి అడుగున పేరుకునేది పిండిపదార్థం. అయోడిన్ చుక్క వేస్తే నీలం అవుతుంది. చేతిలోది గ్లూటెన్ అనే ప్రొటీను. అతికించడానికి అసలు కావలసింది పిండిపదార్థమే. సన్నని మరమ్మతులకు ఆ తేరిన పిండితో కాచిన లై శ్రేష్ఠం.

పురుగు పట్టకుండా మన బైండర్లు లైలో మైలుతుత్తం వేస్తారు. బోర్డో మిశ్రమం చల్లే రైతులకు ఇది పాత నేస్తమే. కాని రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అది విషం, పిల్లల తరగతిలో వాడకూడదు. పైగా రాగి అయానులు సెల్యులోజు ఆక్సీకరణను త్వరపెడతాయి. పురుగు నుంచి కాపాడబోయి కాగితాన్ని మనమే తిన్నట్టవుతుంది. దానికంటే ఏ రోజుకారోజు తాజాగా లై కాచుకోవడం మేలు.

తెల్ల జిగురు సంగతేమిటని అడుగుతారు. ఫెవికాల్ వంటివి పాలివినైల్ ఎసిటేటుతో చేసినవి. గట్టిగా పట్టుకుంటాయి, ఆరాక వంగుతాయి, వీపుకు మంచివి. కాని ఆరాక నీళ్ళతో తేలిగ్గా విడవవు. లై మాత్రం తడిపితే విడుతుంది. అందువల్ల కొత్త పుస్తకం వీపుకు తెల్ల జిగురు వాడినా, పాత పుటల మరమ్మతుకు లై మాత్రమే వాడాలి. రేపు మనకంటే బాగా తెలిసినవాడు వచ్చి మన పని విప్పాలనుకుంటే విప్పగలగాలి.

మిగిలిన లైలో రంగు కలిపి కాగితానికి పూసి, చెక్క దువ్వెనతో గీతలు, అలలు తీస్తే అందమైన అట్ట కాగితాలు వస్తాయి. ఆడపిల్లలు ముగ్గుల వరసలు దించారు. ఆ వారం అందరికంటే ఆలస్యంగా ఇంటికి పోయారు.

ఐదవ ఆదివారం: అట్ట

స్ట్రా బోర్డు పుటకంటే పైనా కిందా ముందూ మూడేసి మిల్లీమీటర్లు పెద్దదిగా కొయ్యాలి. కత్తితో ఒకే దెబ్బకు తెగాలని చూడొద్దు. స్కేలు ఆన్చి నాలుగైదుసార్లు తేలికగా గీస్తే తిన్నగా తెగుతుంది. రెండు అట్టల మధ్య వీపు మందమూ, తెరుచుకోవడానికి కీలు జాగాలూ వదిలి కాలికో మీద అతికించాలి. అంచులు లోపలికి మడవాలి.

అప్పుడు అట్ట ఒక పక్కకు వంపు తిరుగుతుంది. ఎందుకు? తడి కాగితం ఉబ్బి పెద్దదవుతుంది. అతుక్కున్నాక ఆరి కుంచించుకుంటూ అట్టను తనవైపు లాగుతుంది. మందు ఏమిటి? రెండో పక్క కూడా కాగితం అతికించడం. అటు లాగుడు, ఇటు లాగుడు సరిపోతాయి. లోపలి అట్ట మీద అతికించే కాగితం అందం కోసం కాదు, సమతూకం కోసం. న్యూటన్ గారి పాఠం ఇంతకంటే చవకగా ఎక్కడ దొరుకుతుంది!

చివరగా ఇటుకల కింద పెట్టి రాత్రంతా కదపకూడదు. పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే. గంటకోసారి తీసి చూస్తారు. నాటిన విత్తనాన్ని తవ్వి చూస్తే మొలుస్తుందా అని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

ఆరవ ఆదివారం: మరమ్మతు

ఆఖరి రోజు ప్రతివారూ ఇంటినుంచి ఒక చిరిగిన పుస్తకం తేవాలి. ముందు వైద్యుడిలా చూడాలి: తెగింది దారమా, విడిపోయింది జిగురా, చిరిగింది కాగితమా?

చిరిగిన పుటకు సెల్లోటేపు వెయ్యకండి. దాని జిగురు కొన్నేళ్ళకు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. టేపు ఊడుతుంది, మరక మిగులుతుంది. పల్చని చేతికాగితాన్ని కత్తెరతో కాకుండా చేత్తో చింపి, నారలు బయటికి వచ్చిన అంచుతో పల్చని లై పూసి అతికించాలి. నారకు నార అల్లుకుంటుంది. విడిపోయిన ఆకులను పల్చని కాగితం పట్టీతో జతలు జతలుగా కలిపి, ఫారాలు చేసి కుట్టవచ్చు.

కాగితం పసుపెక్కి పొడుం అవుతుంటే మాత్రం కుట్టు ఆగదు. జర్మనీలో ఇలిగ్ అనే ఆయన 1807లో పటిక, గుగ్గిలం కలిపి కాగితానికి పట్టు ఇచ్చే పద్ధతి ప్రకటించాడు. సిరా పాకకుండా ఆగింది గాని, పటిక వల్ల కాగితంలో ఆమ్లం చేరింది. కలపగుజ్జులో లిగ్నిన్ కూడా మిగిలితే వెలుతురుకు త్వరగా రంగు మారుతుంది. పాత వార్తాపత్రిక మూలను ముందుకూ వెనక్కూ మడిచి ఎన్ని మడతలకు విరుగుతుందో లెక్కపెట్టించండి. కొత్త తెల్లకాగితంతో పోల్చించండి. ఎక్కువకాలం నిలిచే కాగితానికి 1994లో అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. దాని ప్రకారం కాగితం పి.హెచ్. 7.5 నుంచి 10 మధ్య ఉండాలి, ఆమ్లాన్ని విరిచే క్షారనిల్వ కూడా ఉండాలి. పొలానికి సున్నం చల్లి పులుపు విరిచినట్టే.

తడిసిన పుస్తకాల సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు విజయవాడ ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు పుస్తకాల గతి ఏమయ్యుంటుందో ఊహించుకోవచ్చు. తడిసిన పుస్తకాన్ని బలవంతంగా తెరవకూడదు, మండుటెండలో పెట్టకూడదు. కొద్దిగా విచ్చుకునేలా నిలబెట్టి, తడి పీల్చే కాగితాలు మారుస్తూ, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఇంట్లో పాత తాటాకు గ్రంథాలో, తాతగారి చేతివ్రాత పుస్తకాలో ఉంటే మాత్రం మనం ముట్టుకోవద్దు, శిక్షణ పొందినవారికే వదలాలి. ఏది చెయ్యకూడదో తెలియడం కూడా విద్యే.

ఎందుకు నేర్పాలి?

1937లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీజీ చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నారు. చేతిపని ఒక పీరియడుగా మిగిలి, చదువు వేరుగా సాగితే ఆ మాటకు అర్థం లేదు. లండన్ సెంట్రల్ స్కూల్లో బైండింగు నేర్పిన డగ్లస్ కాకరెల్ 1901లో రాసిన పుస్తకానికి పేరు పెట్టడంలోనే బైండింగునూ పుస్తకాల సంరక్షణనూ కలిపాడు. చెయ్యడం వేరు, కాపాడడం వేరు కాదన్నమాట.

1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్సు జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బురదపాలయ్యాయి. వాటిని చేతికి చెయ్యి అందించి పైకి తెచ్చింది ఎక్కువగా విద్యార్థులే. అనేక దేశాల నుంచి వచ్చిన యువకులను ఇటలీవారు ‘బురదలోని దేవదూతలు’ అని పిలుచుకున్నారు. ఇంగ్లండు నుంచి పీటర్ వాటర్స్ వంటి బైండర్లు వచ్చి పని నేర్పారు. ఆ పనిలోనే ఒక విషయం తెలిసింది. జిగురు మీద ఆధారపడకుండా మంచి కుట్టుతో మెత్తని తోలుకాగితపు అట్టలో కట్టిన పాత పుస్తకాలు వరదకు బాగా తట్టుకున్నాయి. ఆడంబరం లేని కట్టుబడే ఆపదలో నిలబడింది.

మనకు వరదే రానక్కరలేదు. చాలా గ్రంథాలయాల్లో ‘బైండింగుకు’ అని పురికొసతో కట్టి మూలన పెట్టిన కట్టలు చూస్తూనే ఉంటాం. పరీక్షల ముందు మనకు కావలసిన పుస్తకం ఆ కట్టలోనే ఉంటుంది! హాస్టల్లో ఉండి చదివే మాలాంటివాళ్ళకు ఒక్కో టెక్స్టు బుక్కు కొనడం అంటే ఇంటికి ఉత్తరం రాసినంత తేలిక కాదు. మా ఊళ్ళో ఒక పుస్తకం అన్న నుంచి తమ్ముడికి, తమ్ముడి నుంచి పక్కింటి పిల్లకు పోతుంది. మధ్యలో వీపు ఊడితే ముందు పోయేవి మొదటి పాఠం, చివరి పాఠం పుటలు. మూడోవారి చేతికి వచ్చేసరికి పుస్తకం ఉంటుంది, పాఠం ఉండదు. మొన్న వేసవిలో మేము కట్టిన పుస్తకాలు జూన్‌లో చిన్న తరగతులవారికి ఇచ్చాం. అన్ని పుటలూ ఉన్న పాత పుస్తకం చేతికి రాగానే ఒక పిల్ల ముందుగా చివరి పుట తీసి చూసుకుంది.

కనుక విద్యార్థి సంఘానికి నా మనవి. ఏటా ఆటలకు, నాటకాలకు, ఉపన్యాసాలకు మనం ఖర్చు పెడుతూనే ఉన్నాం, పెట్టవలసిందే. వాటితోపాటు ఆరు ఆదివారాలు ఒక గది, ఒక బల్ల, పైన చెప్పిన కాస్త సామాను ఏర్పాటు చేస్తే చాలు. లైబ్రేరియన్ గారి అనుమతితో మూలన ఉన్న కట్టల్లో సామాన్యమైన పాఠ్యపుస్తకాలు ముందు తీసుకుందాం. ఊళ్ళో పనిచేసే బైండరును పిలిచి, ఆయనకు తగిన గౌరవమూ వేతనమూ ఇచ్చి చెయ్యి చూపించమందాం. కారణాలు మన సైన్సు విద్యార్థులం చెబుదాం. ఆయన నలభై ఏళ్ళ చెయ్యీ, మన రెండేళ్ళ చదువూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఇద్దరికీ లాభమే.

నేర్చుకున్న పదిమందీ వేసవికి తలా ఒక ఊరు పోతారు. పోయేటప్పుడు సంచిలో ఒక దబ్బనం, ఒక దారపు ఉండ వేసుకుని వెళ్ళమని నా ప్రార్థన. మైదా ఎక్కడైనా దొరుకుతుంది.